వీపు వెనక చెయ్యి

మార్కాపురంలో రేడియోలు బాగుచేసే మా సాయిబు ఆన్‌లో ఉన్న పాత గాజు వాల్వుల సెట్ తెరిచాడంటే ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయేది. రెండు చేతులూ లోపల పెడితే షాకు గుండె మీదుగా పోతుందనేవాడు. ఎవరు పిలిచినా ఆ చెయ్యి కదిలేది కాదు.

నాయన పాడిన నాటక పద్యం నా దగ్గర ఒక్క టేపులోనే మిగిలింది. టేప్‌రికార్డర్‌ను నా వాల్వు ఆంప్లిఫయర్‌కు కలిపి వింటే మోత తప్ప మాట తెలిసేది కాదు. మోత తగ్గించి గొంతు పెంచే ఈక్వలైజర్‌ను పుస్తకంలో బొమ్మ చూసి నేనే బిగించాను. ఉన్న గొంతూ పోయింది. చదువుకున్న ఇంజనీర్లు సెట్టే పారేయమన్నారు. పారేయడం నేర్పే కాలేజీ ఎక్కడుందో నాకు తెలియదు.

సాయిబు దగ్గరికి తీసుకుపోతే ఆయన నవ్వలేదు. "బొమ్మ తప్పు కాదు మామా. ట్రాన్సిస్టర్ కొలతలు వాల్వుకు పెట్టినావు, అంతే."

రెసిస్టర్లు పదింతలు పెంచాడు, కెపాసిటర్లు పదోవంతుకు దించాడు. దాంతో తగ్గిన శబ్దం పెంచేందుకు ఇంకో వాల్వు కలిపాడు. ఆన్ చేసి, లోపల స్క్రూడ్రైవర్‌తో సర్దుతుండగా పద్యం మొదలైంది. నాయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

"మీ నాయన గొంతు ఇట్లనే ఉండేదా మామా?"

నేను ఆ గొంతు దగ్గరికి వంగి కళ్ళు తుడుచుకున్నాను. సాయిబు ఎడమచెయ్యి వీపు వెనక నుంచి వచ్చి నా భుజం మీద పడింది. కుడిచెయ్యి ఇంకా సెట్టు లోపలే ఉంది.