టీ తాగి వెళ్లిన కట్టెలాయన

హాల్లో చలికాచుకునే పొయ్యిలో పెట్టిన ఓక్ కట్టె మండలేదు. బుసకొడుతూ రెండు చివర్ల నుంచీ నీళ్లు కక్కింది. హాలంతా పొగ కమ్మి అలారం మోగింది. మా ఆవిడ దగ్గుతూ కిటికీలు తెరిచింది.

"ఆ కట్టెలాయన ఏడాది ఎండిన కర్ర అన్నాడుగా! మీరు చెక్ చేయలేదా?"

చేయనివ్వనిది ఆమే. పోయిన చలికాలం మంచువానకు మేముండే ఊరు మోరిస్‌విల్‌లో మా వీధికి రెండు రోజులు కరెంటు పోయి హీటర్ ఆగింది. ఆస్తమా ఉన్న ఆమెకు ఆ చలి పడలేదు. అందుకే ఈసారి ముందుగానే ఎండుకట్టెల కోసం వెతికాను. మొదటి వ్యాపారి చెప్పిన రోజు రానేలేదు. రెండో అతను ఓక్ అని చెప్పి, ఇట్టే కాలిపోయే పైన్ కట్టె తెస్తే వెనక్కి పంపాను. మూడో ఆయన చలిగాలిలో ట్రక్ దిగాడు. ఎండిన కట్టెలు రెండింటిని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటాయని పక్కింటాయన నాకు నేర్పాడు. కట్టె అందుకోబోతుంటే మా ఆవిడ ఆపింది.

"పాపం, వణికిపోతున్నాడండీ. ముందు టీ ఇద్దాం, తర్వాత చూడొచ్చు."

అల్లం టీని ఆయన రెండుసార్లు మెచ్చుకున్నాడు. మనింట్లో టీ తాగిన మనిషి ఎదుటే ఆయన సరుకు కొట్టి చూడటానికి మొహమాటం అడ్డొచ్చింది. డబ్బిచ్చి పంపేశాను.

"టీ గురించి అంత చెప్పినాయన కట్టెలు పచ్చివని ఒక్క ముక్కా చెప్పలేదే!" అంది ఆమె, అలారం ఆపి వచ్చాక.

ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఆ కట్టెలు ఎండాలంటే వచ్చే వేసవి దాటాలి. శనివారం మంచువాన పడుతుందంటున్నారు. ఎండుకట్టె ఇంకా దొరకలేదు.