రూతమ్మకు దొరకని సమాధి

2022లో నేను పెనుకొండ పాస్టరేట్‌లో పాస్టర్‌గా పనిచేసేవాణ్ని. పాస్టరేట్ అంటే ఒకే పాస్టర్ చూసుకునే సంఘాల గుంపు. పట్టణంలో ఒక గుడి, పల్లెల్లో ఐదు. ఏ ఆదివారం ఏ వాక్యం మీద ప్రసంగించాలో లెక్షనరీ అనే పుస్తకం చెబుతుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు అడ్వెంట్. బల్ల మీద ఊదా గుడ్డ పరిచి, ప్రభువు రాక కోసం కనిపెట్టడం, అంటే ఎదురుచూడటం గురించి చెబుతాం. ఏటా చెప్పేదే కాబట్టి నాకు నోటికి వచ్చేసింది.

రూతమ్మ ఒక పల్లె సంఘంలో మనిషి. కూలికి పోయేది. భర్త యోహాను హిందూపురంలో మిల్లు పని పోయాక ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. నవంబరులో ఒక పొద్దున ధర్మవరం రైలెక్కినవాడు మళ్లీ రాలేదు.

అడ్వెంట్ రెండో ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె వాకిట్లో నిలబడి ఉంది.

"ధర్మవరం ఆసుపత్రిలో ఎవురిదో శవముండాదంట అయ్యగారూ. రైలు పట్టాల కాడ దొరికిందంట. మా మరిది పోయి చూసొద్దాం రమ్మంటాండాడు. నాకు కాళ్లు రాలేదు. పోవల్లంటారా?"

నాకు ఆ రోజు ఇంకా రెండు గుళ్లలో ఆరాధనలున్నాయి. "చెడు ఎందుకు తలుస్తావమ్మా? కనిపెట్టుకుని ఉండు. వస్తాడు" అన్నాను. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

"మీరంటే సరే" అని వెళ్లిపోయింది. ఆమె వద్దనేసరికి మరిదీ ఆగిపోయాడు.

"వస్తాడు" అనే హామీ ఆ రోజు వాక్యంలో లేదు. ఆమె ముఖం చూడలేక నేనే ఇచ్చాను.

లెంట్ వచ్చింది, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలం. ఒక బుధవారం కూడిక అయ్యాక రూతమ్మ అడిగింది: "ఇంగా కనిపెట్టల్లా అయ్యగారూ?"

మరునాడు ఆమెను వెంటబెట్టుకుని ధర్మవరం రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్లాను. వాళ్లు ఆ శవం ఫొటోలు చూపించారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. రూతమ్మ చొక్కా మీద వేలు పెట్టింది.

"ఈ జేబు నేను కుట్టిందే."

ఎవరూ రాకపోవడంతో శవాన్ని డిసెంబరులోనే పూడ్చేశారట. చోటు చూపించడానికి ఒకాయన మాతో వచ్చాడు. తుమ్మకంపల మధ్య అన్నీ ఒకేలాంటి మట్టికుప్పలు. ఒకదాన్ని చూపించాడు. కాసేపు ఆలోచించి ఇంకోదాన్ని చూపించాడు. రూతమ్మ రెండిటి మధ్యా నిలబడిపోయింది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండ దగ్గరపడ్డాక ఒకే మాట అంది. "ఆ పొద్దే పోయింటే, మన్నేసే ముందర ఒక తూరి ముట్టుకోనింటాను."

"తప్పు నాదమ్మా" అన్నాను.

ఈస్టర్ తెల్లవారుజామున స్త్రీలు యేసు సమాధి దగ్గరికి వెళ్లిన వాక్యం మీద మాట్లాడాను. బయటికి వచ్చాక రూతమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఆ ఆడోళ్లకి పోనీకి సమాధన్నా ఉండె అయ్యగారూ."



ఇప్పుడు ఎవరైనా శవాన్ని చూసి రావాలన్న మాటతో వస్తే ముందు చెప్పులు వేసుకుంటాను. వాళ్లతో వెళ్లి, చూడాల్సింది చూసి, ప్రార్థన ఆ తర్వాతే చేస్తాను. ఇది నేర్చుకోవడానికి రూతమ్మకు మొగుడి ఆఖరి చూపు దక్కకుండా పోవాల్సి వచ్చింది.