కాల్షియం లేని సీసా

కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని పేపర్లు భయపెడుతున్న ఏడాది అది. మా అనంతపురంలో మాత్రం ఎవరూ బెదరలేదు, ఎందుకంటే ఆగిపోవడం మాకు అలవాటే. కరెంటు ఆగేది, కొళాయి ఆగేది, వానైతే మొదలవకుండానే ఆగేది. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను ప్రపంచ విజ్ఞానశాస్త్రాన్ని తలకిందులు చేశాను. నవ్వకండి. కొన్నాళ్ళపాటు నిజంగానే చేశాననుకున్నాను. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. గోరంట్ల దగ్గర వేరుశనగ పండించుకునే రైతు కూతుర్ని, ఎం.ఫిల్. చేస్తున్నాను, నాకంటే తెలివైనవాళ్ళు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారని గట్టి నమ్మకంతో ఉన్నాను.

నా పని క్లోమం మీద. అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలుంటాయి. రక్తంలో చక్కెర పెరిగితే ఆ కణం పసిగట్టి ఒక తలుపు మూస్తుంది, ఇంకో తలుపు తెరుస్తుంది. మూసేది పొటాషియం తలుపు, తెరిచేది కాల్షియం తలుపు. బయటున్న కాల్షియం బిలబిలమంటూ లోపలికొస్తుంది. అది వచ్చాకే లోపల పొట్లాలు కట్టి పెట్టుకున్న ఇన్సులిన్ బయటికి కదులుతుంది. కాల్షియం రాకపోతే కణం నిండా ఇన్సులిన్ ఉన్నా దాదాపుగా కదలదు. ఇది నేను చెప్తున్నది కాదు, పుస్తకాలన్నీ చెప్పేదే. దాన్ని నేను ఎలుక క్లోమం ముక్కలతో ఇంకోసారి చేసి చూపించాలి. ఒక సీసాలో చక్కెరా కాల్షియమూ కలిపిన ద్రావణం, రెండో సీసాలో చక్కెర మాత్రమే. మొదటిదాంట్లో ఇన్సులిన్ దండిగా రావాలి, రెండోదాంట్లో రాకూడదు. (ఉన్న కాస్త కాల్షియాన్నీ కట్టిపడేసే మందొకటి ఉంటుంది. అది తెప్పించమని రాసిన కాగితం ఆఫీసులోనే ఎక్కడో నిద్రపోయింది.) ఇది తేలితే థీసిస్ రాసుకోవచ్చు. మా గైడు పెద్దసారు ఆ ఏడాది చివర్లో రిటైరవుతున్నారు. ఆయనుండగానే థీసిస్ ఇవ్వకపోతే నా ఎం.ఫిల్. గాల్లో కలిసినట్టే.

ల్యాబులో మేం ముగ్గురమే. పెద్దసారు, నేను, అటెండరు పప్పక్క. (ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు.) ఎలుకలకు మేత వెయ్యడం, గాజు సామాను కడగడం, కరెంటున్న కాసేపట్లో గాజు మిషను మీద డిస్టిల్డ్ వాటరు పట్టి తెల్ల డబ్బాలో నింపడం ఆమె ఉద్యోగం. మా ముగ్గురికీ వెనక గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం, పప్పు వండటం ఆమె తనంతట తాను నెత్తినేసుకున్న పని. అనంతపురం బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకడమంటే మాటలు కాదు. గంటసేపు మరిగించినా గింజ గింజా విడివిడిగా నిలబడి మన మొహం చూస్తుంది. ఆ ఎండాకాలం పప్పక్క పప్పు మాత్రం గరిటె తగిలితే చాలు, మెదిగిపోయేది. "నీ చేతిలో ఏముందక్కా?" అని నేను లొట్టలేసేదాన్ని. "చేతిలో ఏముంటాది పాపా, మనసుండల్ల," అని ముసిముసిగా నవ్వేది.

సీసాల్లోని ద్రావణాన్ని ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని నేనే బస్సులో బెంగుళూరు తీసుకెళ్ళేదాన్ని. అక్కడ పెద్దసారు స్నేహితుడొకాయన ల్యాబులో ఇన్సులిన్ ఎంతుందో కొలిచి కాగితం పంపేవారు. మొదటి కాగితం వచ్చింది. చూస్తే రెండు సీసాల్లోనూ ఇన్సులిన్ సమానంగా ఉంది!

"ఏమ్మా, సీసాలు తారుమారు చేసినావా?" అన్నారు పెద్దసారు.

"లేద్సార్. చీటీలు నేనే అంటించినాను."

"మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాను. మూడోసారీ చేశాను. మూడుసార్లూ అదే. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, మళ్ళీ తీశారు. "ఇదే నిజమైతే ఏమ్మా, పుస్తకాలు తిరగరాయల్ల," అన్నారు మెల్లగా. బెంగుళూరు సారుకు ఫోను చేశారు. పదకొండు రోజుల తర్వాత నా సెమినారుకు తానే వస్తానన్నారాయన.

(ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ద్రావణం కలిపినప్పుడల్లా కొంచెం మసగ్గా తేలేది. గాజు సామానుకు తెల్లటి పొర కట్టేది. ఇంకో ఊరివాళ్ళయితే ఉలిక్కిపడి ఉండేవారు. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, బిందెకూ చెంబుకూ ఆ తెల్ల పొర లేకపోతేనే నాకు అనుమానం. ద్రావణాన్ని వడగట్టుకుని నా పని నేను కానిచ్చాను.)

ఆ పదకొండు రోజులూ నా కాలు నేల మీద నిలవలేదు. హాస్టల్లో నడక మార్చాను. పేపరువాళ్ళు ఫొటో అడిగితే ఎటు తిరిగి నిలబడాలో అద్దంలో చూసుకున్నాను. క్లోమ కణం బొమ్మలో కాల్షియం తలుపు మీద ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి మంచం పక్కన గోడకు అంటించుకున్నాను. చివరికి ఉండబట్టలేక ఎస్టీడీ బూతుకు పోయి, మా ఊళ్ళో అంగడికి ఫోను చేసి నాయనను పిలిపించాను. నాయనకు అప్పటికే నాలుగేళ్ళుగా షుగరు.

"నాయనా, కాల్షియం లేకపోయినా ఇన్సులిన్ వస్తాదని కనిపెట్టినా!"

"అంటే?"

"అంటే పుస్తకాల్లో ఉండేదంతా తప్పు."

"షుగరు పుస్తకాల్లోనా?"

"అవే అనుకో."

"అయితే పాపా, నేను ఓళిగలు తినొచ్చా?"

ఓళిగలంటే మా వైపు బొబ్బట్లు, నిండా బెల్లమే. వద్దని గట్టిగా చెప్పాల్సింది. కానీ అప్పుడు నేను మామూలు మనిషిని కాదు కదా. పెద్ద డాక్టరులాగా గొంతు సవరించుకుని "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు నాయనా," అన్నాను. దాన్ని ఆయన సగం అనుమతి కింద తీసుకుని, ఆ సాయంత్రమే సగం లెక్కన రెండు ఓళిగలు తిన్నాడని అమ్మ తర్వాత తిట్టిపోసింది.

సెమినారు రోజు రానే వచ్చింది. బెంగుళూరు సారు పొద్దున్నే దిగి, నా నోటుబుక్కు అక్షరం వదలకుండా చదివి, మూసి పక్కన పెట్టారు. మధ్యాహ్నం పెద్దసారు ఆయన్ని మా వెనక గదికే భోజనానికి పిలిచారు. పప్పక్క ఆ రోజు పప్పులో ఇంగువ కాస్త ఎక్కువే వేసింది. ఆయన ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద కలుపుతూ ఆగిపోయారు.

"ఏమప్పా, మా అత్తగారిది హిందూపురమే. బోరు నీళ్ళల్లో పప్పు ఇంత మెత్తగా ఉడికింది నేను యాడా చూళ్ళేదు. కుక్కరు కూడా లేదే?"

పప్పక్క మొహం వెలిగిపోయింది. "కుక్కరెందుకు సార్? బోరు నీళ్ళు ఎవరు పోస్తారు? ఆ తెల్ల డబ్బాలో నీళ్ళు సార్, మిషన్లో పట్టేటివి. కొళాయి వస్తాండేటప్పుడు వాటి జోలికి పోలేదు, దేవుని తోడు. ఈ ఎండాకాలం కొళాయి బందైపాయ కదా. పప్పుకు, అన్నానికి, సారు టీకి, తాగేదానికి, అన్నిటికీ అవే."

"మరి డబ్బా ఖాళీ అయిపోదా?" అన్నారాయన.

"కానిస్తానా? మనకు కావాల్సినవి ముందే బిందెలోకి వంపుకొని, డబ్బాను బోరు నీళ్ళతో నిండుగా పెడతా. డబ్బాలో నీళ్ళు లేవని ఒక్క దినమన్నా అనిందేమో పాపనే అడగండి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పప్పు ఉడకనివ్వనిది ఏది? బోరు నీళ్ళలో ఉన్న కాల్షియమే కదా! కాల్షియం లేదని చీటీ అంటించి మూడుసార్లు బెంగుళూరు మోసుకుపోయిన నా సీసా నిండా అదే ఉంది. పాపం ఆ ఎలుక కణాలు పుస్తకంలో రాసినట్టే బుద్ధిగా కాల్షియం తీసుకుని ఇన్సులిన్ ఇచ్చాయి.

మా మొహాలు చూసి పప్పక్కకు భయమేసింది. "ఎలకల పనికే కదా సార్ ఆ నీళ్ళు? మడుసులకు మంచివి, ఎలకలకు బోరువి. తప్పా?"

"నిన్నూ..." అని పెద్దసారు కోపంతో లేచారు. పప్పక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేమో నోరు ఊరుకోలేదు. "తిన్నది మనమే కదా సార్. నేనైతే రెండోసారి కూడా వేయించుకున్నా."

పెద్దసారు తన కంచం వంక చూసుకున్నారు. అది అప్పటికే ఖాళీ. మెల్లగా కూర్చున్నారు. ముందుగా నవ్వింది బెంగుళూరు సారే. నవ్వి నవ్వి పొలమారి, గ్లాసు అందుకుని, తాగబోతూ దాన్ని వెలుగుకెత్తి చూశారు. దాంతో పెద్దసారుకూ నవ్వాగలేదు.

మూడింటికి సెమినారు. బోర్డు మీద గొప్పగా రాసిపెట్టుకున్న శీర్షికను నా చేత్తో నేనే తుడిచి, "నా ప్రయోగం తప్పయింది, నీళ్ళు చూసుకోలేదు," అన్నాను. పప్పక్క పేరు ఎత్తలేదు. మళ్ళీ చేయడానికి ఎన్నాళ్ళు పడుతుందని బెంగుళూరు సారు అడిగారు. మూడు వారాలన్నాను. చెయ్యమన్నారు. ఆ సాయంత్రం మళ్ళీ ఎస్టీడీ బూతుకు పోయాను.

"నాయనా, పుస్తకమే కరెక్టంట."

"అంటే ఓళిగలు?"

"లేవు."

"నువ్వు ఇంకొంచెం బాగా చదువుకోనింటే బాగుండు పాపా," అని ఫోను పెట్టేశాడు.

ఆ మూడు వారాలూ డబ్బాకు పప్పక్కే కాపలా. పెద్దసారు మంచినీళ్ళడిగినా ఇచ్చేది కాదు. బోరు నీళ్ళలో ఉడికీ ఉడకని పప్పును ముగ్గురం దవడలు నొప్పెట్టేలా నమిలాం, ఎవరూ కిక్కురుమనలేదు. బెంగుళూరు నుంచి కాగితం వచ్చింది. మొదటి సీసాలో ఇన్సులిన్ దండిగా ఉంది, రెండోదాంట్లో ఉందా లేదా అన్నట్టుంది. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే. పెద్దసారు నా భుజం తట్టి, ఇంక థీసిస్ రాసుకోమన్నారు. నేను ఎలుకల గది వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

పప్పక్క వెతుక్కుంటూ వచ్చింది. "సరిగ్గా వచ్చిందంట కదా పాపా, ఏంటికి ఏడుస్తాండావు?"

"సరిగ్గా వచ్చిందనే అక్కా," అన్నాను.

ఆమెకు అర్థమైందో లేదో, పక్కనే గోడకానుకుని కూర్చుంది. ఇప్పుడు నేను కాలేజీలో ఆ పాఠమే చెప్తాను. ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఎలుకల గది వెనక ముక్కు చీదుకుంటున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిచ్చిదానా అని ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది. కానీ ఆ పదకొండు రోజులు ఉన్నంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను, అందుకని వెయ్యబుద్ధి కాదు.