ఘనీ పరిచిన మెత్తటి మన్ను

ఎల్లారెడ్డిలో మా వాడకట్టు చివరి ఇల్లు ఘనీది. ఇరవై రెండేళ్లుగా పోచారం అడవిలో వాచరు. పొద్దున ఆరింటికి బండి తీస్తే, సాయంత్రం ప్యాంటు నిండా పల్లేరు ముళ్లతో తిరిగొస్తాడు. గడప మీద కూర్చుని ఆ ముళ్లు ఏరుకుంటున్నప్పుడే నేను పోయి పక్కన కూలబడతాను. ఏది కనబడింది, ఏది ఈనింది, ఏది ఏం తిన్నది, అన్నీ అడుగుతాను. నేను చదివింది నాలుగో తరగతే. అడగడానికి అంతకంటే చదువెందుకు? ఘనీ విసుక్కోడు. జింక సంగతైనా పక్కింటి కోడలి సంగతి చెప్పినట్టు చెబుతాడు.

ఈ ఎండాకాలం మాత్రం ఒక సంగతి నా దగ్గర దాచాడు. నాకు చెబితే వాడకట్టుకంతా చెప్పినట్టేనని అతని భయం. అబద్ధం కాదులెండి.

ఆ సంగతి ఇది. గుట్ట మీద పాత గుహ ఒకటుంది. లోపలి బండ మీద ఎప్పటి మనుషులో ఎర్రరంగుతో గీసిన బొమ్మలున్నాయట. జనం వచ్చి చూడడానికి అక్కడికి మెట్లు కట్టాలనుకున్నారు. అదే గుహలో ఒక దుమ్ములగొండి రెండు పిల్లల్ని పెట్టింది. మెట్ల పని మొదలైతే తల్లి బెదిరి పోతుంది, పిల్లలు ఆకలికి చస్తాయి. పని ఆపమని ఘనీ దాని అడుగుల ఫోటో తీసి పంపితే, అడవి శాఖ పైసారు "కుక్కవిలా ఉన్నాయి, వచ్చి చూస్తా" అన్నాడు. అందుకని ఘనీ మన్ను జల్లెడ పట్టి గుహ ముందు పరిచాడు. దాని మీద అడుగులు స్పష్టంగా పడతాయని.

ఇదేమీ తెలియక నేను ఆ బొమ్మలు చూపించమని పోరు పెట్టాను.

"ఈ ఆదివారం వద్దవ్వ. మూడింటికి సారు వస్తుండు."

"నీ సారు మూడింటికి గదా! మేం ఒంటిగంటకే సద్ది తిని మా తొవ్వ మేం పడ్తం."

నేనూ, ఎదురింటి దేవవ్వా ఆటో ఎక్కాం. ఘనీ మాకు జింకలను చూపించాడు, నెమళ్లను చూపించాడు. మనుబోతును చూసి దేవవ్వ, "ఇదేందే, గుర్రమా ఆవా? ఏదో ఒకటి కారాదా?" అంది. తర్వాత మమ్మల్ని గుట్ట కింద నీడలో కూర్చోబెట్టి, "పైకి మాత్రం ఎక్కకుండ్రి" అని చెప్పి, జంతువుల తొట్టిలో నీళ్లు నింపడానికి పోయాడు.

ఎక్కవద్దన్నాక ఎక్కకుండా ఎట్లా ఉంటాను?

గుహ నోరు నల్లగా ఉంది. ముందర పిండిలాంటి మన్ను, దాని నిండా అడుగులు. వంగి చూశాను, అరచేయి పక్కన పెట్టి కొలిచాను కూడా. దేవవ్వ చెప్పులు విడిచింది.

"లోపట దేవుడున్నడే ప్రమీలా. అలుకుదామని ఎవలో మన్ను పోసిండ్రు, కుక్కలు తొక్కి పెట్టినయి."

వేప రెమ్మ విరిచి శుభ్రంగా ఊడ్చేసింది. నేను సీసాలో నీళ్లు చల్లాను. తను కొంగున కట్టుకున్న పసుపు కుంకుమ తీసి బండకు బొట్లు పెట్టింది. ఇక లోపలికి అడుగు పెడదామనుకుంటుండగా ఘనీ ఎగపోసుకుంటూ వచ్చాడు.

మన్ను వైపు చూసి అక్కడే కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా మమ్మల్ని కిందికి దించి, దాచిన సంగతంతా అప్పుడు చెప్పాడు. దేవవ్వ ఏడుపు ముఖం పెట్టింది.

"నాలుగు వేళ్లు మనమే ఒత్తుదాం తియ్యి కొడుకా. ఎవలు చూసిండ్రు?"

"ఇన్నేండ్లు ఈ అడవిల చూసిందే చెప్పిన దేవవ్వ. ఇప్పుడు దొంగ అడుగులేసి సారును మోసం చెయ్య."

మేం పోలేదు. మూడింటికి సారు వచ్చాడు. "అడుగులుండె సార్. చెరిగిపోయినయి. నేనే జాగ్రత్త పడలే" అన్నాడు ఘనీ, మా వైపు చూడకుండా.

"నేనే నీళ్లు చల్లిన సారూ," అని ముందుకొచ్చాను.

"కుక్క అడుగులే కదమ్మా?"

"కుక్కే అనుకున్న. కానీ ముందు కాలు నా అరచేయంత ఉన్నది, ఎనక కాలు ఇంకింత చిన్నది. అయ్యవి రెండు చెప్పులు, కొడుకువి రెండు చెప్పులు తొడుక్కొని నడిచినట్టున్నదని నవ్విన. పక్కపొంటి బుడ్డబుడ్డ అడుగులు గూడ ఉండె."

సారు నవ్వలేదు. "ముందువే పెద్దవా? నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? ఒంగి చూసిన."

"కుక్కకు ఇంత తేడా ఉండదు" అని ఘనీ భుజం మీద చేయి వేశాడు సారు. వానాకాలం దాటేదాకా మెట్ల పని ఆపుతానన్నాడు. అప్పటిదాకా ఆ దారిన ఎవరూ పోకూడదన్నాడు. నా వైపు చూసి, "ఎవరూ" అని మళ్లీ అన్నాడు.

ఆ సాయంత్రమే ఘనీ రేగుకంప కొట్టి దారికి అడ్డం వేశాడు. కంప మోసింది నేనే. ఎర్ర బొమ్మల్లో ఒక్కటీ చూడలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున అతను బండి తీసేసరికి వాకిట్లో నిలబడతాను. మొదట్లో "పిల్లలు ఎల్లిపోయినయా?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "బాగున్నయా?" అని అడుగుతున్నాను. మొన్న బండి ఆపి, చుట్టూ చూసి, నా చెవిలో చెప్పాడు.

"రెండు కాదవ్వ, మూడు."