మేడ మీద పలకలు

కుట్టుమిషను అత్త మేడ మీద సోలారు పలకలు పెట్టి వీధి కరెంటంతా పీల్చేస్తోందని, సాయంత్రాలు బల్బులు మిణుకుమిణుకుమనేది అందుకేనని పుకారు. మిట్టమధ్యాహ్నం పిండిమర బాబాయి నలుగురిని వెంటేసుకొచ్చాడు.

"నువ్వు పీకేస్తావా, మమ్మల్నే పీకమంటావా?"

నేను అత్త పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నాను. అత్త కత్తెర విసిరికొట్టింది.

"పీకడమెందుకు, ఆపేస్తా. పోయి మర ఆడించుకో!"

మెట్లెక్కి స్విచ్చి ఆపేసింది. వీధిలో ఫ్యాన్లు నీరసించాయి. ఎదురుగా మర మూలిగి ఆగిపోయింది. మరకెళ్లిన బాబాయి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"తల్లీ, వెయ్యవే!"

"నీ నోటితో తిప్పుకో బాబాయ్, అది బాగా ఆడుతుందిగా!" అంది అత్త.

అత్తది కాలితో తొక్కే మిషను. పగలు ఆ పలకల కరెంటు దాదాపు అంతా వీధి తీగలోకే పోతుంది.