పగటి చందమామకు సున్నా

ఈ ఉదయం కుందలహళ్ళిలో స్కూల్ బస్సు కోసం నిలబడితే పడమటి ఆకాశంలో సగం చందమామ తెల్లగా కనిపించాడు. మా అమ్మాయికి చూపించబోతే, "డే టైమ్‌లో మూన్ రాదు నాన్నా, మిస్ చెప్పారు" అంది. ఒళ్ళు మండిపోయింది.

మన కాలంలోనూ ఇదే కథ. బళేపేట బడిలో "చంద్రుడు పగలు కూడా కనిపిస్తాడు" అని రాస్తే నాకు సున్నా వేశారు. నా ఏడుపు చూడలేక, మర్నాడు పొద్దున మా నాయన నన్ను మిద్దెమీదికి తీసుకెళ్ళి, చందమామ పక్కన నిమ్మకాయ ఎత్తి పట్టాడు. ఎండ పడి అది కూడా అచ్చం అంతే సగం వెలిగింది.

"చూడప్పా, ఎదురుగానే ఉండాడు కదా!" అని విసుక్కుంటూ నాతో బడికొచ్చాడు. "ఒక్కసారి బయటికొచ్చి చూడండి మేడమ్" అని ఎంత బతిమాలినా టీచరు కుర్చీలోంచి లేవలేదు.

మా అమ్మాయి మాత్రం తలెత్తి చూసింది. బస్సెక్కాక కిటికీలోంచి పక్కపిల్లకు వేలెత్తి చూపించింది.