అన్న కలిపి పెట్టిన కట్ట

పోయిన ఆదివారం మా మేనకోడలు తార్నాకలోని నా ఇంటికి వచ్చింది. మా అన్న కూతురు. అన్నా నేనూ ఒకప్పుడు చదివిన యూనివర్సిటీలోనే ఇప్పుడు ఎమ్మే చదువుతోంది. వదిన పంపిన సర్వపిండి డబ్బా బల్ల మీద పెట్టి, కాసేపు హాస్టల్ మెస్సును తిట్టి, మెట్రో స్టేషన్ దగ్గర మేడ మీద కొత్తగా పెట్టిన కాఫీ షాపులో పిల్లలు అనిమే బొమ్మల కార్డులతో ఆడుతున్నారనీ, తనూ నేర్చుకుందనీ చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

“అత్తమ్మా, డాడీ డెక్ నీ దగ్గరనే ఉన్నది కదా. ఒక్క ఆట ఆడుదాం. నేను డాడీ దాంతోటి ఆడ్త, నువ్వు నీ దాంతోటి ఆడు.”

నేను టీ పెట్టడానికి లేచాను. ఆ కార్డుల కట్ట బీరువాలో నా చీరల కింద ఉంది. అన్న పోయి ఏడాది దాటింది. చివరిసారి తను కార్డులు కలిపి పెట్టినప్పుడు ఏ వరుసలో ఉన్నాయో ఇప్పటికీ అదే వరుసలో ఉన్నాయి. ఒక్క ఆట ఆడితే ఆ వరుస పోతుంది. అన్న చేతులు చేసిన పనుల్లో చెదరకుండా మిగిలింది, నాకు తెలిసినంతవరకు, అదొక్కటే. టీ మరిగిపోతున్నా అక్కడే నిలబడి ఉన్నాను.

మన వయసు వాళ్లకు పేకాట అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మా వైపు పెళ్లిళ్లలో భోజనాలయ్యాక చాపలు పరిచి రమ్మీ ఆడేవారు, మా చిన్నమ్మ పక్కన కూర్చుని నేనూ అన్నా ఆట నేర్చుకున్నాం. మంచి ముక్క చేతికొస్తే మొహంలో కనపడనివ్వకూడదని, దాన్ని ఆఖరిదాకా వదలకూడదని ఆమె నాకు నేర్పింది. ఇంకొక పద్ధతి కూడా అక్కడే చూశాను. పంచేవాళ్లు ముక్కలు కలిపాక పక్కవాళ్ల ముందు పెడతారు, వాళ్లు కట్టను రెండుగా కోసి పైదాన్ని కిందికి మారుస్తారు, మోసం జరగకుండా. సొంతవాళ్లయితే మాత్రం కోయరు, పైన వేలితో తట్టి వదిలేస్తారు. నీ చేతి మీద నాకు అనుమానం లేదని దాని అర్థం.

అన్న పరిశోధనలో చేరిన కొన్నాళ్లకు నేను ఎమ్మే తెలుగులో చేరాను. అప్పట్లో టీవీలో సాయంత్రాలు జపాన్ కార్టూన్లు వచ్చేవి. అబ్బాయిల హాస్టల్లో పెద్ద పెద్ద పుస్తకాలు చదివేవాళ్లు కూడా ఆ వేళకు టీవీ గదిలో చేరేవారని అన్న చెప్తే నవ్వాను. నల్లకుంటలో ఒక స్టేషనరీ దుకాణంలో, షాంపూ ప్యాకెట్ల దండల పక్కనే, ఆ తరహా బొమ్మల కార్డులు చిన్న ప్యాకెట్లలో వేలాడుతుండేవి. దుకాణం నడిపే పెద్దమ్మ అన్నను చూడగానే “ఎవరికి సారూ, పిల్లలకా?” అని అడిగేది, పెళ్లి కాని మా అన్న తల ఊపేవాడు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇద్దరికీ చెరి ఇరవై ప్రాణాలు ఉంటాయి. ప్రతి వంతుకూ మన శక్తి ఒకటి పెరుగుతుంది. చిన్న కార్డులు ఒకటి రెండు శక్తులకే బరిలోకి దిగుతాయి, పెద్దవాటికి ఏడెనిమిది వంతులు ఆగాలి. ఎదుటివాళ్ల ప్రాణాలు ముందు తీసినవాళ్లది గెలుపు. ప్యాకెట్లలో మాకు ఎక్కువగా చిన్నవే వచ్చేవి: లాంతరు పట్టుకున్న నక్కపిల్ల, చెక్క కత్తి పట్టుకున్న బడిపిల్ల, చెవులు తెగిన కుందేలు. వీటితో ఏం చేస్తామని నేను అడిగితే, వీటితోనే చేద్దామని అన్న అన్నాడు.

లైబ్రరీ వెనక ఒక రాతి బెంచీ ఉండేది. క్లాసులయ్యాక అక్కడ కార్డులన్నీ పరిచి కూర్చునేవాడు. నేనైతే కట్ట తయారు చేయడమంటే మంచివన్నీ ఏరి చేర్చడమనుకునేదాన్ని. అన్నది తీసేసే పద్ధతి. ఒక్కొక్క కార్డునూ చేతిలోకి తీసుకుని, రెండో వంతుకు ఇది ఏం చేయగలదని ఆలోచించేవాడు. దెబ్బ కొట్టలేనిది బయటికి పోయేది. రక్షణకు పనికొస్తుందని నేను వెనకేసుకొచ్చినవీ పోయాయి. తనకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ, నది దాటుతున్న తెల్ల గుర్రం, ఒక వంతు ఆలస్యంగా వస్తుందని దాన్నీ ఒక సాయంత్రం తీసి పక్కన పెట్టాడు. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు గానీ మళ్లీ చేర్చలేదు. ఆ ఎండాకాలం ముగిసేసరికి కట్టలో ఒక్క బరువైన కార్డు లేదు. మొదటి వంతు నుంచే దెబ్బ మీద దెబ్బ, అయిదో వంతు దాటి ఆట సాగితే ఇక ఓడినట్టే. వెనక్కి తగ్గడానికి తనకు తానే దారి లేకుండా చేసుకున్నాడు.

అన్న తీసేసిన కార్డులతోనే నా కట్ట తయారైంది. అందులో నాకు ప్రాణమైనది ముసలి యోధురాలు. కొంగు బిగించినట్టు నడుముకు గుడ్డ చుట్టుకుని, కొండ అంచున కూర్చుని ఉంటుంది. ఎనిమిదో వంతుకు గాని లేవదు. లేస్తే ఎదుట ఎవరూ నిలవరు. చిన్నమ్మ నేర్పినట్టే దాన్ని చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని, అయిదో వంతుకే నా ప్రాణాలు అయిపోయేవి, చేతిలో ముసలమ్మ అట్లాగే మిగిలేది.

“దాచి తొక్కు వెడ్తవా ఏందే దాన్ని?” అనేవాడు అన్న, నేనేదో పచ్చడి పెడుతున్నట్టు.

హబ్సిగూడలో సైన్సు చదివే అన్న స్నేహితుడొకాయన దగ్గర ఖరీదైన కార్డులన్నీ ఉండేవి, వాటిని ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టుకుని వచ్చేవాడు. ఆయనతో అన్న ఆడిన మొదటి ఆట నాకు బాగా గుర్తుంది. నక్కపిల్ల దిగింది, బడిపిల్ల దిగింది, ఆయన ఇంకా నింపాదిగా కార్డులు సర్దుకుంటూనే ఉన్నాడు. ఆట అయిపోయిందని తెలిశాక చేతిలో కార్డులు తిప్పి చూపిస్తూ మొత్తుకున్నాడు.

“అరే ఏంది భాయ్, నా రాజు ఇంకా చేతిలనే ఉన్నడు!”

“ఉండనియ్ భాయ్,” అన్నాడు అన్న, “ఆరాంగ రెస్టు తీస్కోనియ్.”

ఆ రోజు నుంచి బెంచీ దగ్గర అన్న కట్టకు దూకుడు కట్ట అని పేరు పడింది. కట్టను చూసి మనిషిని చెప్పొచ్చని ఆ ఆట ఆడేవాళ్లు అంటారు. మా అన్న విషయంలో అది నిజం కాదు. బస్సులో సీటు దొరికితే పక్కన ఎవరు నిలబడ్డారో చూసి లేచేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పరిశోధన ముగించడానికి కావలసిన దానికన్నా ఎక్కువ ఏళ్లు తీసుకున్నాడు, తర్వాత ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తూ, ఏ పిల్లవాణ్నీ తొందరపెట్టకుండా, ఉద్యోగ జీవితమంతా గడిపాడు. ఆ తొందరంతా ఆ కట్టలో ఎందుకు పెట్టాడో నేను ఎప్పుడూ అడగలేదు.

పెళ్లిళ్లయ్యాయి, ఇద్దరం తార్నాకలోనే ఉండిపోయాం. ఆట అరుదైంది గానీ ఆగలేదు. స్నేహితులు అన్న కట్టను రెండు మూడు సార్లు కోసేవారు, నేను తట్టేదాన్ని. నాదీ అన్న తట్టి వదిలేవాడు.

జబ్బు ముదిరాక నేను రోజూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని. అప్పుడు రెండు కట్టలూ అన్న మంచం పక్కనే ఉండేవి. ఆ రోజు నేను వంటింట్లో రాగి జావ కాచి తెచ్చేసరికి దుప్పటి మీద తన కార్డులు చిన్న చిన్న కుప్పలుగా పెట్టి కలుపుతున్నాడు, వేళ్లకు మునుపటిలా పట్టు లేదు. అన్నీ దగ్గరికి చేర్చి, అంచులు సరిచేసి, నా ముందు పెట్టాడు.

“తట్టు చెల్లె,” అన్నాడు.

జావ గిన్నె కింద పెట్టేలోపే దగ్గు మొదలైంది. అది ఆగలేదు. వదిన పరుగెత్తుకొచ్చింది, అంబులెన్స్ వచ్చింది, ఆస్పత్రి నుంచి అన్న తిరిగి రాలేదు. సంవత్సరీకం అయ్యాక వదిన ఊరికి వెళ్లిపోతూ రెండు కట్టలూ నా చేతిలో పెట్టింది. అన్నది ఎట్లా ఉన్నది అట్లాగే గుడ్డలో చుట్టి ఉంచింది, తను కూడా దాన్ని కదపలేదు. నా కట్టలో ముసలమ్మ లేదు. ఆ హడావుడిలో మంచం కిందో ఎక్కడో పోయిందనుకుని, వెతకమని అడగడానికి మనసొప్పక ఊరుకున్నాను.

ఆదివారం నేను టీ తెచ్చేసరికి మేనకోడలు సోఫాలో కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. ఆ పిల్లకు తండ్రి ఆటంటే దూరం నుంచి చూసిందే, తను నేర్చుకునేసరికి ఆడించే మనిషి లేడు. ఆ సంగతి నాకు అంతవరకు తట్టనందుకు ఆశ్చర్యపోయాను. బీరువా తీసి గుడ్డ విప్పి కట్టను దాని ముందు పెట్టాను.

“కలపాల్నా అత్తమ్మా?”

“వద్దు బిడ్డా. మీ డాడీ కలిపిండు.”

కట్టను చూసి నా వైపు చూసింది. ఆ కలపడం ఎప్పటిదో దానికి తెలిసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను వేలితో పైన తట్టాను.

అయిదు కార్డులు తీసుకుంది. అన్న చేతికి రావలసిన కార్డులవి. నక్కపిల్ల మొదటి వంతుకే దిగింది, కుందేలు రెండో వంతుకు. నా కట్ట ఎప్పటిలాగే నెమ్మదిగా కూడుకుంటోంది. అయిదో వంతుకు నా ప్రాణాలు అయిపోయాయి. చేతిలో రెండు పెద్ద కార్డులు మిగిలాయి.

“వాటిని దాచి తొక్కు వెడ్తవా?” అంది మేనకోడలు. ఇంట్లో తండ్రి నోట విన్న మాటే. అంటూనే తన చేతిలో మిగిలిన ఒక్క కార్డును తిప్పి నాకు చూపించింది. “గానీ ఇది గీ డెక్‌ల ఏం జేస్తున్నది? ఎనిమిది శక్తులంట. డాడీ ఇట్ల పెట్టడు కదా.”

కొండ అంచున కూర్చున్న ముసలమ్మ.

ఆ రోజు నేను వంటింట్లో జావ కాస్తుండగా అన్న దాన్ని నా కట్టలోంచి తీసి తన దాంట్లో కలిపేశాడు. నన్ను ఏడిపించడానికే అయి ఉంటుంది. నా కార్డుతో నన్నే ఓడించి నవ్వాలనుకుని ఉంటాడు. మా ఆట ఒకసారైనా ఎనిమిదో వంతుదాకా సాగాలనుకున్నాడేమో కూడా. రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగిన మనిషి లేడు, నేను ఊహించి ఒకటి నిజమని రాయను. మేనకోడలు భయపడి “ఏమైంది అత్తమ్మా” అనేదాకా నాకు నవ్వుతో పాటు కళ్లనీళ్లు కూడా వస్తున్నాయని తెలియలేదు.

కార్డులన్నీ పోగు చేసి తనే కలిపింది. వరుస పోయింది. పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముసలమ్మను నాకివ్వబోతే వద్దన్నాను, ఎక్కడ ఉందో అక్కడే ఉండనిమ్మన్నాను.

లైబ్రరీ వెనక ఇప్పుడు బండ్లు నిలుపుతున్నారు, ఆ రాతి బెంచీ ఏమైందో అడిగితే ఎవరికీ తెలియలేదు. నల్లకుంట దుకాణం ఉన్నచోట ఫోన్లు బాగు చేస్తున్నారు. హబ్సిగూడ మిత్రుడు అన్న పోయినప్పుడు వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లాడు. అన్న కట్ట ఇప్పుడు మేనకోడలి హాస్టల్ గదిలో ఉంది. రోజూ ఎవరో ఒకరు దాన్ని కోస్తున్నారు, కలుపుతున్నారు.

నిన్న సాయంత్రం తను ఫోన్ చేసింది. కాఫీ షాపులో ఎవరితోనో ఆడుతుంటే ఆట తెగలేదట, ఎనిమిదో వంతుకు ముసలమ్మ బరిలోకి దిగిందట. మా కాలంలో ఆ కట్టతో ఆట ఎప్పుడూ అంతసేపు సాగలేదు.